గాలి మిషన్ ఇల్లు దాటొద్దని చెప్పిన తప్పు

రోగుల ఇళ్లలో గాలి మిషన్లు పెట్టే ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మొన్న పోతిరెడ్డిపల్లిలో మా ఇంటికి వచ్చారు. “మేడం, ఇరవై రెండేండ్లు చేసిన్రు గద, మాకు జెర చెప్పుర్రి” అన్నారు. చాయ్ తాగేలోపు చెప్పగలిగినంత చెప్పాను. వాళ్లు వెళ్లాక ఆలోచిస్తే, నా గొప్పలన్నీ చెప్పుకున్నాను గానీ నా తప్పు ఒక్కటీ చెప్పలేదని తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాస్కు సైజులు, గాలి ఒత్తిడి సెట్టింగులు మీకు ట్రైనింగులో నేర్పుతారు. వాటి జోలికి నేను పోను. నా ప్రమోషన్ల గురించి కూడా రాయను, రాసేంత లేవు. మిషన్ పెట్టుకుని పడుకునే మనిషి ఊరికి పోవాల్సి వస్తే ఏమవుతుందో నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. దాన్ని మల్లేశం అనే బస్సు డ్రైవర్ దగ్గర నేర్చుకున్నాను. నేను నేర్చుకోవడానికి ఆయన ఉద్యోగం పోయేంత పనైంది.

గురక పెట్టే అదృష్టవంతులు

మొదట నేను పటాన్‌చెరు వైపు ఒక ఆస్పత్రిలో వార్డు నర్సును. తర్వాత ఈ మిషన్లు సప్లై చేసే ఏజెన్సీలో చేరాను. సంగారెడ్డిలో ఊపిరితిత్తుల డాక్టరు గారి క్లినిక్‌లో ఒక మూల నాకు టేబుల్ వేసి ఇచ్చారు. ఆయన పరీక్ష చేయించి రాసిస్తే, మిషన్ తీసుకెళ్లి రోగి ఇంట్లో పెట్టి వాడకం నేర్పడం నా పని.

జబ్బు సంగతి రెండు మాటల్లో చెబుతాను. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది. ఒళ్లు కంగారుపడి మనిషిని కాస్త కదిలిస్తుంది, ఊపిరి అందుతుంది, మళ్లీ మూసుకుపోతుంది. రాత్రంతా ఇదే వరస. పొద్దున్నే ఇదేదీ గుర్తుండదు, ఒళ్లు మాత్రం రాత్రంతా బస్తాలు మోసినట్టుంటుంది. పగలు కూర్చున్నచోటే కన్ను మూతపడుతుంది. మిషన్ మామూలు గాలినే మాస్కు గుండా కొంచెం ఒత్తిడితో పంపి గొంతు తెరిచి ఉంచుతుంది. అందులో ఆక్సిజన్ ఉండదు, మందు ఉండదు.

మా దిక్కు గురక పెట్టేవాణ్ణి అదృష్టవంతుడంటారు. “పండుకుంటే సాలు గుర్రుమంటడు, ఏ రందీ లేదు సారు” అని భార్యలు మురిసిపోతూ చెప్పేవారు. డాక్టరు గారు వెంటనే, “ఆయన పక్కన ఎవరు పండుకుంటరమ్మా?” అని అడిగేవారు. “ఎవ్వరు పండుకోరు సారు, అందరం వాకిట్లకు పోయినం” అంటే నవ్వకుండా పరీక్ష రాసేవారు.

ఆయనకు కోపం ముక్కు మీద ఉండేది. నేను నింపిన ఫారం చూసి, “మెడ కొలత రాసినవ్, బరువు రాసినవ్. ఈ మనిషి ఏం పని చేస్తడు? ఏ షిఫ్టు? ఎక్కడ పండుకుంటడు? అవి రాయవేంది?” అని నా మీదికే విసిరేవారు. చాదస్తం అనుకునేదాన్ని. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. పెద్దాయన అడిగిన మూడు ప్రశ్నల్లో చివరిది నేను సరిగ్గా వినలేదు.

నా రూలు పుట్టిన కథ

హత్నూర వైపు ఒక రిటైర్డ్ పంతులు గారు ఉండేవారు. మిషన్‌కు గాలిని తడిచేసే నీళ్ల డబ్బా ఒకటుంటుంది. ఆయన కూతురి ఇంటికి పోతూ, డబ్బాలో నీళ్లు అలాగే ఉంచి, మిషన్‌ను సంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సు ఎక్కారు. బస్సు కుదుపులకు నీళ్లన్నీ మోటారులోకి పోయాయి. మిషన్ చచ్చిపోయింది. మా ఏజెన్సీ మేనేజరు నన్ను నిలబెట్టి తిట్టాడు. “నీళ్లు పారబొయ్యమని చెప్పలేదా? నువ్వు ఏం నేర్పినట్టు?” అన్నాడు. నిజమే, నేను చెప్పలేదు.

ఆ తర్వాత తెల్లాపూర్‌లో పదో అంతస్తులో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ మేనేజరు. ఆఫీసు వాళ్లతో కలిసి విమానంలో పోతున్నాడు. సెక్యూరిటీ దగ్గర “బ్యాగులో ఏంది?” అని అడిగితే, పక్కన తన కింద పనిచేసే పిల్లలున్నారని సిగ్గుపడి “హెయిర్ డ్రయ్యర్” అన్నాడు. ఆయనదేమో పూర్తి బట్టతల. వాళ్లు సంచి విప్పి, గొట్టం, మాస్కు, పట్టీలు ఒక్కొక్కటీ బల్ల మీద పరిచారు. ఆయన తిరిగొచ్చి నాకు ఫోన్ చేసి ఏడవడం ఒక్కటే తక్కువ. పది నిమిషాలు ఆయన్ను ఓదార్చి, ఫోన్ పెట్టేసి అరగంట నవ్వుకున్నాను.

ఈ రెండూ చూశాక నేను ఏం చేయాలి? ప్రయాణంలో మిషన్ ఎలా తీసుకెళ్లాలో నేర్పాలి. నేనేమో దగ్గరి దారి పట్టాను. ప్రతి రోగికీ, “మిషన్ మంచం పక్కనే ఉండాలె, ఇల్లు దాటించొద్దు” అని ఖరాఖండిగా చెప్పడం మొదలుపెట్టాను. మిషన్లు పాడవడం ఆగిపోయింది. మా ఏజెన్సీ మేనేజరు మెచ్చుకున్నాడు. నేను నా తెలివికి మురిసిపోయాను. మిషన్ ఇల్లు దాటకపోతే సరే, మనిషి దాటడా అన్న ఆలోచన నాకు రాలేదు.

మల్లేశం

మల్లేశం కంపెనీ బస్సు డ్రైవర్. పొద్దున షిఫ్టుకు సంగారెడ్డి నుంచి పాశమైలారం దాకా ఆడవాళ్లను, మగవాళ్లను ఎక్కించుకుని పోయేవాడు. నలభై ఆరేళ్లు, లావుపాటి మెడ, మెత్తటి మాట. భార్య లక్ష్మే పట్టుబట్టి తీసుకొచ్చింది. “గేటు కాడ బస్సు ఆపితే స్టీరింగ్ మీదనే పండుకుంటుండు సిస్టర్, నాకు బుగులైతుంది” అంది.

మిషన్ పెట్టిన వారానికి ఆయన క్లినిక్‌కు వచ్చాడు. గడ్డం గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని ఉన్నాడు. “సిస్టర్, ఎన్నేండ్లకో మల్ల తెల్లారినట్టు తెల్లారింది” అన్నాడు. ఇరవై రెండేళ్లలో నేను అందుకున్న మెప్పులన్నీ ఈ ఒక్క మాట ముందు బలాదూర్. ఏడాది పాటు ఒక్క రాత్రి తప్పకుండా వాడాడు. మిషన్‌లో చిన్న కార్డు ఉంటుంది, ఏ రాత్రి ఎన్ని గంటలు వాడారో అందులో ఎక్కుతుంది. ఆయన కార్డును మిగతావాళ్లకు చూపించి సిగ్గు తెప్పించేదాన్ని.

అంతలో ఆయన తల్లి పోయింది.

మా వైపు ఇంట్లో మనిషి పోతే, దినాలు అయ్యాక దగ్గరి చుట్టాలు వచ్చి ఆ ఇంటివాళ్లను తమ ఇంటికి తీసుకుపోతారు. కడుపునిండా తినిపించి, కల్లు పోసి, తమ మధ్యలో పడుకోబెట్టుకుని, పొద్దున పంపుతారు. దీన్ని నిద్ర చేయించడం అంటారు. దుఃఖం ఉన్న ఇంట్లో నిద్ర పట్టదు, అయినవాళ్ల ఇంట్లో ఒక రాత్రి నిద్రపోతే మనసు కుదుటపడుతుందని దాని అర్థం. నేను చర్చి కుటుంబంలో పుట్టినా ఈ ఆచారం తెలియనిదాన్ని కాను. మా పక్కింట్లోనే ఎన్నిసార్లు చూశానో. కానీ నిద్ర జబ్బుకు మిషన్లు పెట్టే నేను, మనుషులు నిద్ర చేయడానికి ఊళ్లు తిరుగుతారని ఒక్కసారీ ఆలోచించలేదు.

తల్లి పెద్ద కొడుకు దగ్గర ఉండేది కాబట్టి దినాలన్నీ హత్నూర దాటాక ఉన్న వాళ్ల ఊళ్లోనే జరిగాయి. మల్లేశం ఆ పది రోజులూ అన్న ఇంట్లో చాప మీద పడుకున్నాడు. తర్వాత చెల్లెలి ఇంట్లో ఒక నిద్ర, అత్తగారింట్లో ఒక నిద్ర. మొత్తం పన్నెండు రాత్రులు. మిషన్ ఇక్కడ మంచం పక్కన, గుడ్డ కప్పుకుని, పదిలంగా ఉంది.

అత్తగారింటి నుంచి తెల్లవారుజామునే బయల్దేరి నేరుగా డ్యూటీ ఎక్కాడు. ఇస్నాపూర్ దాటీ దాటకముందే కన్ను మూతపడింది. బస్సు డివైడర్ ఎక్కి ఆగిపోయింది. దేవుడి దయ వల్ల ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. ప్యాకింగ్ సెక్షన్‌లో చేసే యాదమ్మ డ్రైవర్ వెనక సీట్లో కూర్చుంది. ఆమె టిఫిన్ డబ్బా ఎగిరిపడి పప్పంతా అద్దం మీద పడింది, నుదురు బొప్పి కట్టింది. ఆ రోజు నుంచి ఆమె చిట్టచివరి సీటుకు మారిపోయింది.

కంపెనీ సేఫ్టీ ఆఫీసరు మల్లేశాన్ని బస్సు దింపేశాడు. బండి నడపడానికి పనికొస్తాడో లేదో డాక్టరుతో రాయించుకుని రమ్మన్నాడు. పనికిరాడని రాస్తే ఇంటికి పోవాల్సిందే. ఆయనకు చేతనైన పని అదొక్కటే.

“మీరే అంటిరి గద”

కార్డు పెట్టి చూశాను. పన్నెండు ఖాళీ గీతలు. నాకు ఒళ్లు మండింది.

“అన్నా, ఏడాది సక్కగ వాడినవ్ గద! పన్నెండు రోజులు మిషన్ లేకుంట ఎట్ల పండుకున్నవ్? బస్సుల అంత మంది పాణాలున్నయని యాదికి లేదా?” అని గట్టిగానే అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. “మీరే అంటిరి గద సిస్టర్, ఇల్లు దాటియ్యొద్దని” అన్నాడు.

ఆ మాటలో నన్ను తప్పుపట్టడం లేదు. టీచరు అడిగితే పిల్లవాడు పాఠం అప్పగించినట్టు చెప్పాడు. లక్ష్మి పక్కనుంచి, “నేను తీస్కపోదామన్న సిస్టర్. ‘సిస్టర్ వద్దన్నది, పాడైతది’ అన్నడు. మీ మాట దాటడు” అంది. నా చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఆఫీసరు ఎంత అడిగినా ఈ సంగతి ఆయన చెప్పలేదట. ఎందుకు చెప్పలేదని అడిగితే, “మీ నౌకరీకి ఏమన్న అయితదేమో అని” అన్నాడు. తన నౌకరీ గాలిలో ఉన్న మనిషి.

డాక్టరు గారికి అంతా చెప్పాను. అరుస్తారనుకున్నాను, అరవలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “ఎక్కడ పండుకుంటడో రాయమన్న గద సిస్టర్” అన్నారు. అంతే. తర్వాత కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టారు. రోగి ఏడాది పాటు చికిత్స తప్పలేదు, ప్రయాణంలో మిషన్ వాడకూడదని మా వైపు నుంచి తప్పు సలహా వెళ్లింది, నెల రోజులు ఒక్క రాత్రి తప్పకుండా కార్డు చూపిస్తే మళ్లీ బస్సు నడపవచ్చు అని రాశారు.

మా ఏజెన్సీ మేనేజరు ఇది తెలిసి చిందులు తొక్కాడు. “తప్పు మాదని కాయిదం మీద ఎవరన్న రాసిస్తరా? రేపు మన మెడకే చుట్టుకుంటది” అన్నాడు. ఆ కాగితం కింద నేనూ సంతకం పెట్టాను. భయపడుతూనే పెట్టాను, ధైర్యవంతురాలినని చెప్పుకోను. ఎవరి మెడకూ ఏమీ చుట్టుకోలేదు. మీరు తప్పు చేస్తారు, తప్పకుండా చేస్తారు. అది మీదేనని రాసిచ్చే అవకాశం వస్తే వదులుకోకండి. తర్వాత హాయిగా ఉంటుంది.

కంపెనీ ఒప్పుకుంది. ఒక్క రాత్రి తప్పినా ఉద్యోగం లేదని మాత్రం ఖచ్చితంగా చెప్పింది.

మేనమామ ఇంట్లో మూడో నిద్ర

ఆ నెల సగమైనా కాలేదు, మల్లేశం మేనమామ రాజయ్య వచ్చి కూర్చున్నాడు. పోయిన మనిషికి తమ్ముడు. “చెల్లె ఇంట్ల చేసినవ్, అత్తగారింట్ల చేసినవ్. మా అక్క కొడుకు నా ఇంట్ల నిద్ర చెయ్యకుంటే నా కడుపు సల్లవడుతదా?” అని అడిగాడు. మల్లేశం నావల్ల కాదన్నాడు. ముసలాయన ఏమీ తినకుండా లేచి వెళ్లిపోయాడు.

మల్లేశం నా దగ్గరికి వచ్చాడు. “పోతే కార్డు ఖాళీ అయితది, పోకుంటే మామ పాణం కొట్టుకుంటది. ఏం జెయ్యాలె సిస్టర్?” అన్నాడు.

“మిషన్‌తోని పోదాం. నేనూ వస్తున్న” అన్నాను.

ముందు ఆయన చేతే అన్నీ సర్దించాను. నీళ్లు పారబోసి డబ్బా ఆరబెట్టాడు. మిషన్‌ను బట్టల మధ్య పెట్టి సంచిలో సర్దాడు. గొట్టం, మాస్కు, వైరు ఒక్కొక్కటీ పేరు చెబుతూ లోపల పెట్టాడు. పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి కొనిపించాను. ఆర్టీసీ బస్సులో సంచి ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. కిందపెట్టవయ్యా అని కండక్టరు అంటే, “ఇది నా నౌకరీ, కింద పెట్ట” అన్నాడు.

మల్లేశం, లక్ష్మి, నేను మధ్యాహ్నానికి రాజయ్య ఇల్లు చేరాం. ఒకటే హాలు, లోపల చిన్న గది. ప్లగ్గు ఆ చిన్న గదిలో ఉంది. నేను వెంటనే, “ఇక్కడ పక్క వేస్తే సరిపోతది” అన్నాను. లక్ష్మి నా చెవిలో, “నిద్ర అంటే అందరి నడుమ పండుకోవాలె సిస్టర్, గదిల ఒక్కడే పండుకుంటే ఇంకేమున్నది?” అంది. నెల తిరక్కుండానే నాకు రెండో పాఠం. బాక్సు వైరును గది నుంచి హాలు మధ్యదాకా గోడ వారగా లాగాను.

మాస్కు బయటికి తీయగానే రాజయ్య ముఖం మారిపోయింది. లేచి వాకిట్లోకి పోయాడు. వెనకే వెళ్లాను. ముసలాయన కళ్లనీళ్లు అరచేత్తో తుడుచుకుంటున్నాడు.

“మా అక్క దవఖానల గిదే మూతికి వెట్టుకొని పోయింది. ఇప్పుడు పోరనికి పెడుతున్రు. నేను సూడలేనమ్మా” అన్నాడు.

అప్పుడు అర్థమైంది. అన్న ఇంట్లో ఆ పది రోజులూ మల్లేశం మిషన్ తెచ్చుకోకపోవడానికి నా మాట ఒక్కటే కారణం కాదు. తల్లిని ఆస్పత్రిలో అలాంటి మాస్కుతో చూసిన ఇంటివాళ్ల మధ్య, తను కూడా అలాంటిది పెట్టుకుని పడుకోవడం ఎలా? అడిగితే తర్వాత ఒప్పుకున్నాడు. మనం రోగిని అడుగుతాం, ఇంటివాళ్ల కళ్లను అడగం.

రాజయ్యను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. మిషన్ ఆన్ చేసి మాస్కు ఆయన అరచేతికి ఆనించాను. “సూడు బాపూ, అక్కకు పెట్టింది ఆక్సిజన్. అది పాణం మీదికొస్తె పెడతరు. ఇది ఈ ఇంట్ల గాలే. మంచిగున్న మనిషి ఇంక మంచిగ పండుకోనీకి” అన్నాను. ఆయన చాలాసేపు అరచెయ్యి తీయలేదు. చివరికి మాస్కు తన ముక్కు దగ్గర పెట్టుకుని, ఉలిక్కిపడి, నవ్వేశాడు. “ఉట్టి గాలే! గీ మాత్రం దానికి ఎంత పరేషాన్ చేస్తిరే” అని, మేనల్లుడి చాప తీసుకెళ్లి తన చాప పక్కన వేశాడు.

కల్లు మాత్రం పోయొద్దని మొక్కాను. కల్లు తాగితే గొంతు ఇంకా వదులై మూసుకుపోతుంది, ఇది మీరూ అందరికీ చెప్పండి. “చుక్క నోట్ల పడకుంటే నిద్ర ఎట్లయితది?” అని ముసలాయన బేరం పెట్టాడు. చివరికి వేలు ముంచి నాలుక మీద రాస్తానని ఒప్పుకున్నాడు. నేను సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే రాజయ్య ఫోన్ చేశాడు. “సిస్టరమ్మా, పోరడు సప్పుడు లేకుంట పండుకున్నడు. చిన్నప్పటి నుంచి వాని గురక ఇన్న మనిషిని, సప్పుడు లేకపాయె. ఉన్నడా పోయిండా అని మాటిమాటికి లేసి ముక్కు కాడ చెయ్యి పెట్టి సూసుడే నా పని అయింది. నిద్ర వానికైంది, నాకు కాలే” అన్నాడు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. కార్డులో ఆ రాత్రి ఏడు గంటలు ఎక్కింది.

ఆ తర్వాత నా రూలు తిరగరాసుకున్నాను. ఎవరి ఇంట్లో మిషన్ పెట్టినా మొదటి రోజే సంచి సర్దించి, విప్పించి, మళ్లీ సర్దించేదాన్ని. పెళ్లిళ్లు, చావులు, జాతరలు, ఆస్పత్రిలో తోడు పడుకోవడాలు, అన్నీ అడిగేదాన్ని. విమానం ఎక్కేవాళ్లకు డాక్టరు ఉత్తరం పైన పెట్టి, వాళ్లు అడగకముందే మిషన్ మీరే తీసి చూపించండి అని చెప్పేదాన్ని. తెల్లాపూర్ ఆయన ఇప్పుడు దాన్ని ట్రేలో పెట్టి, “నా ఊపిరి” అంటాడట.

మళ్లీ బస్సు

నెల నిండింది. కార్డులో ఒక్క ఖాళీ లేదు. మల్లేశానికి బస్సు తిరిగి ఇచ్చారు. కానీ ఎక్కేవాళ్లకు నమ్మకం ఉండాలి కదా. యాదమ్మ సగం మందిని పోగుచేసి, “గాయన బండి ఎక్కితే మల్ల ఇంటికి వస్తమా?” అంటోందని లక్ష్మి చెప్పింది. ఆమెను తప్పుపట్టలేం. బొప్పి కట్టింది ఆమె నుదురే.

మొదటి రోజు నేను కూడా ఎక్కుతానని ఆఫీసరును అడిగాను. నన్ను చూస్తే వాళ్లకు కాస్త ధైర్యం వస్తుందనుకున్నాను. అసలు సంగతి, నాకే భయంగా ఉంది. ముందురోజు రాత్రి కన్ను మూయలేదు. తెల్లారకముందే పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఎక్కి డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నాను. ఆ సీటు ఖాళీగానే ఉంది. ఒక్కరి కన్నూ డ్రైవర్ మీద నుంచి పక్కకు పోవడం లేదు. మల్లేశం అద్దంలో నన్ను చూసి తల ఊపాడు. అద్దంలో ఆయన కళ్లనే చూస్తూ కూర్చున్నాను. కంది ఊరి దాకా చూసినట్టు గుర్తుంది.

ఎవరో భుజం తట్టారు. కళ్లు తెరిస్తే ఎదురుగా యాదమ్మ, వెనక కంపెనీ గేటు.

“మంచిదానివే సిస్టర్! మమ్ముల కావలి కాయనీకి వచ్చి నువ్వే గుర్రు వెట్టవడితివి” అంది. బస్సు బస్సంతా ఘొల్లుమంది. స్టీరింగ్ దగ్గర మల్లేశం భుజాలు కూడా ఊగుతున్నాయి. నేను సిగ్గుతో చచ్చిపోయి, ఎవరి ముఖం చూడకుండా దిగాను.

సాయంత్రం మల్లేశం ఫోన్ చేశాడు. షిఫ్టు వాళ్లందరినీ దింపి ఇల్లు చేరాక చేశాడట.

“సిస్టర్, యాదమ్మక్క ఇయ్యాల వచ్చేటప్పుడు ముందటి సీట్ల కూసున్నది” అన్నాడు.

“ఏమన్న అన్నదా?”

“ఏం అనలే. ఇస్నాపూర్ రాకముందే నిద్రవోయింది.”